రెండున్నర నెలల పాపకి జలుబు, సాంబ్రాణి పొగ వెయ్యొచ్చా?

కొత్తమ్మ_తెనాలి: పాపకి నిన్నట్నుంచి ముక్కు దిబ్బడ, పాలు తాగుతూ మధ్యలో వదిలేసి ఒకటే ఏడుపు. జ్వరం లేదు. డాక్టర్ గారు సెలైన్ చుక్కలు రాసి పంపేశారు అంతే. పుట్టింట్లో ఉన్నాను, మా అమ్మ వావిలాకు నీళ్ళు పోసి, సాంబ్రాణి పొగ వేసి, వాము కర్పూరం మూట కట్టి ఉయ్యాలకి వేలాడదీసింది. మా ఆయన వీడియో కాల్‌లో గదినిండా పొగ చూసి గొడవ. వెయ్యొచ్చా వద్దా చెప్పండి.

రాజోలు_అమ్మమ్మ: వెయ్యకపోతే తల ఎలా ఆరుద్దమ్మా? ఆ తడికే రొంప పట్టేది. మా పిల్లలు, మనవలు అందరూ ఆ పొగలోనే పెరిగారు.

కవలల_నాన్న: పొగ పొగేనండీ, సాంబ్రాణిదైనా సిగరెట్‌దైనా. ఆ వయసు పిల్లలు ఎక్కువగా ముక్కుతోనే గాలి పీలుస్తారు, అందుకే అది మూసుకుంటే పాలు వదిలేస్తారు, అలాంటి ముక్కులోకి మళ్ళీ పొగా? కర్పూరం అయితే రెండేళ్ళలోపు అసలు వద్దు, కడుపులోకి పోతే ఫిట్స్ వస్తాయి.

రాజోలు_అమ్మమ్మ: కడుపులోకి ఎవరు పెట్టారు బాబూ? మూట ఉయ్యాల కొక్కేనికి కడతారు. రెండు నెలల పిల్ల లేచి అందుకుంటుందా?

సిరిసిల్ల_పిల్ల: మా దిక్కు వస అరగదీసి నాకిస్తరు. ఎవలకేం గాలే.

కవలల_నాన్న: కొక్కెం సంగతి కాదండీ, వాసన గురించి చెప్తున్నా.

రాజోలు_అమ్మమ్మ: 2025లో మధ్యప్రదేశ్ ఛింద్వాడాలో అంతమంది పిల్లలు పోయింది దగ్గు సిరప్ తాగి. సాంబ్రాణి వల్ల కాదు.

కవలల_నాన్న: సిరప్ తాగించమని ఎవరన్నారండీ ఇక్కడ! దాన్లో డైఇథిలిన్ గ్లైకాల్ అనే విషం కలిసింది. అసలు క్లోర్‌ఫెనిరమిన్, ఫెనైలెఫ్రిన్ కలిపిన జలుబు మందు నాలుగేళ్ళలోపు వెయ్యొద్దని 2023 డిసెంబర్‌లోనే కేంద్ర డ్రగ్స్ కంట్రోలర్ చెప్పారు. సిరప్పూ వద్దు పొగా వద్దు, నా మాట అదే.

వార్డు_సిస్టర్: మీరిద్దరూ కాసేపు ఆగండి. కొత్తమ్మా, పాలు పట్టే ముందు ఒక్కో ముక్కులో ఒకటి రెండు చుక్కలు వేసి, ఒక నిమిషం ఆగి, మెత్తటి నూలుగుడ్డ కొసతో పైపైన తుడువు, లోపలికి దూర్చకు. పాలు కొద్దికొద్దిగా, ఎక్కువసార్లు. ఏడాదిలోపు తేనె నాకించొద్దు, ఎవరు చెప్పినా సరే. పడుకున్నప్పుడు జుబ్బా పైకెత్తి పొట్ట చూస్తూ నిమిషం పాటు ఊపిరి లెక్కపెట్టు, ఈ వయసుకి 50 గానీ, ఆపైన గానీ వచ్చిందంటే ఊపిరి వేగంగా ఉన్నట్టే. డొక్కలు ఎగరేస్తున్నా, పాలు సగం కూడా తాగకపోయినా, జ్వరం 100.4 ఉన్నా రాత్రయినా సరే బయల్దేరు.

రాజోలు_అమ్మమ్మ: అన్నీ వద్దే. పురిటికి మాత్రం అమ్మ కావాలి, అర్ధరాత్రి పిల్ల గుక్కపెడితే భుజాన వేసుకుని తిరగడానికి మేం కావాలి, తెల్లారేసరికి ఫోన్లో ఏదో ముక్క చదివి మాకేం తెలీదంటారు.

కవలల_నాన్న: నేను ఫోన్లో చదివి రాయట్లేదు. మా చిన్నదానికి డొక్కలు ఎగురుతుంటే "గురకలే, అదే తగ్గుద్ది" అని పెద్దాళ్ళు ఆపేశారు, మగాడివి నీకేం తెలుసు అన్నారు. చివరికి ఆక్సిజన్ పెట్టాల్సి వచ్చింది. బ్రాంకియోలైటిస్ అన్నారు, అంటే ఊపిరితిత్తుల్లో సన్న గొట్టాలు వాచిపోవడం.

రాజోలు_అమ్మమ్మ: అది వైరస్ కదా, సాంబ్రాణి ఏం చేసింది? ఆపినోళ్ళ మీద కోపం మా మీద చూపిస్తే ఎలా?

కవలల_నాన్న: సాంబ్రాణి వల్ల వచ్చిందని నేను అన్లేదు!! ఆపారు అన్నాను. చదవండి సరిగ్గా.

కొత్తమ్మ_తెనాలి: అయ్యో మీరు కొట్టుకోకండి. అసలు సంగతి చెప్తా, మా అత్తగారు ఫోన్ చేసి నేను పెరుగన్నం తిన్నందుకే పిల్లకి జలుబు చేసిందన్నారు, పథ్యం సరిగ్గా పెట్టలేదన్న మాట పడకూడదని మా అమ్మ ఈ హడావుడి అంతా. మా అక్క కొడుకు స్కూల్నుంచి చీదుకుంటూ వచ్చి పాప మొహం నిండా ముద్దులు పెట్టాడు, ఆ మాట మాత్రం ఎవరూ ఎత్తరు.

రాజోలు_అమ్మమ్మ: బాలింతవి, పెరుగెందుకు తిన్నావమ్మా?

కవలల_నాన్న: 🙏

వార్డు_సిస్టర్: పెరుగుకీ పాప జలుబుకీ సంబంధం లేదు. ఆ అబ్బాయి వల్ల అయ్యుంటుంది, తగ్గేదాకా దూరంగా ఉంచండి. ఊపిరి లెక్కపెట్టావా?

కొత్తమ్మ_తెనాలి: 44 సిస్టర్. చుక్కలు వేశాక కాస్త తాగింది. మూట తీయించాను. పొగ మాత్రం రేపు పక్కగదిలో వేస్తానంటోంది అమ్మ, మా ఆయన అదీ ఒప్పుకోట్లేదు.

రాజోలు_అమ్మమ్మ: మీ ఆయన్ని వచ్చి రెండు రాత్రులు ఎత్తుకోమను, అప్పుడు మాట్లాడదాం పొగ గురించి.

కొత్తమ్మ_తెనాలి: ఆదివారం వస్తున్నారండీ.