నొప్పి లేకపోయినా ఆరు నెలలకోసారి పళ్లు క్లీనింగ్ చేయించుకోవాలా?

చుక్కలరాత్రి: నాకు పళ్ల ఇబ్బందేమీ లేదు. అయినా ఆరు నెలలకోసారి రమ్మంటున్నారు డాక్టర్. అంత అవసరమా?

ఏకలవ్య72: అస్సలు వద్దు. క్లీనింగ్ చేయిస్తే పళ్లు వదులైపోతాయి. నా కింది పళ్లు అంతకుముందు గట్టిగా ఉండేవి. చేయించాక కదలడం మొదలైంది, సందులొచ్చాయి, చల్లటి నీళ్లు తాగితే జివ్వుమంటున్నాయి.

వానచినుకు: పళ్లను వదులు చేసేది గార అండీ, క్లీనింగ్ కాదు. పాచి గట్టిపడితే గార అవుతుంది, ఇక అది బ్రష్‌కు రాదు. చిగురు కింద జబ్బు ముదిరితే పన్నును పట్టి ఉంచే ఎముక తగ్గిపోతుంది. అప్పటిదాకా ఆ గారే సిమెంటులా పళ్లను పట్టుకుని ఉంటుంది. తీసేసరికి ఉన్న వదులు బయటపడింది. సందులు కూడా గార కూర్చున్న చోటే. జివ్వుమనడం చాలామందికి కొద్ది రోజుల్లో తగ్గిపోతుంది.

ఏకలవ్య72: నా పళ్ల సంగతి నాకన్నా మీకే బాగా తెలిసినట్టుంది.

పొడిమాట: రాత్రి బ్రష్ చేశాక నురగ ఉమ్మేసి ఊరుకోండి. నీళ్లతో పుక్కిలిస్తే పేస్టులోని ఫ్లోరైడ్ చాలావరకు పోతుంది.

లెక్కలపిచ్చి: అందరికీ ఆరు నెలలే అన్న రూలేమీ లేదు. బ్రిటన్‌లో వైద్య సలహాలిచ్చే నైస్ సంస్థ 2004లో చెప్పిన ప్రకారం, పెద్దవాళ్లు మళ్లీ ఎప్పుడు చూపించుకోవాలన్నది వాళ్ల రిస్కును బట్టి 3 నెలల నుంచి 24 నెలల దాకా ఉండొచ్చు. క్లీనింగ్ మీద 2018లో కోక్రేన్ సమీక్ష (వైద్య పరిశోధనలను కలిపి పరిశీలించేది) కూడా ఉంది. చిగుళ్ల జబ్బు ముదరని, క్రమం తప్పకుండా చూపించుకునే పెద్దవాళ్లలో రొటీన్ క్లీనింగ్ వల్ల రెండు మూడేళ్లలో చిగుళ్ల వాపు విషయంలో పెద్ద తేడా కనిపించలేదు.

ఏకలవ్య72: విన్నారా వానచినుకు గారూ!

లెక్కలపిచ్చి: పళ్లు వదులవుతాయని నేను అనలేదు. నన్ను మీ పక్షంలో వేసుకోకండి.

వానచినుకు: చిగుళ్ల జబ్బు ముదరలేదని చూపించుకోకుండా ఎలా తెలుస్తుంది? మా అమ్మకు షుగర్. బ్రష్ చేస్తే రక్తం వచ్చేది. నొప్పి లేదుగా అని ఏళ్ల తరబడి వెళ్లలేదు. ముందు పళ్లు ఒక్కొక్కటే ఊడిపోయాయి, ఒక్కరోజు కూడా నొప్పి అనలేదు. మీలాంటివాళ్ల మాటలు వినే ఆవిడ ఆగిపోయింది.

ఏకలవ్య72: ఆవిడ పళ్లు నేను ఊడగొట్టానా? క్లీనింగ్‌కని వెళ్తే, నేను నోరు తెరుచుకుని కుర్చీలో పడి ఉండగానే రెండు దవడ పళ్లకు రూట్ కెనాల్ అన్నారు. రెండూ నొప్పి లేనివే. ఎక్స్‌రే చూపించమంటే విసుక్కున్నారు. ఇంకో డాక్టరేమో పైపైన తెల్లమచ్చలే, ఫ్లోరైడ్ పేస్టు వాడితే చాలన్నారు. ఇక నేను నమ్మి ఎలా వెళ్లాలి?

వానచినుకు: ఈ ముక్క మొదటే చెప్పొచ్చుగా! మీ కోపం ఆ డాక్టర్ మీదైతే క్లీనింగ్‌ను తిడతారేంటి?

ఏకలవ్య72: రెండింటి మీదా ఉంది.

లెక్కలపిచ్చి: రెండో డాక్టర్ చెప్పినది జరిగేదే. పుచ్చు ఇంకా తెల్లమచ్చ దశలోనే ఉంటే ఎనామెల్ (పన్ను పైపొర) ఫ్లోరైడ్‌తో మళ్లీ గట్టిపడగలదు, గుంట పడ్డాక మాత్రం తనంతట తాను పూడదు. అయినా చూపించుకోవడం వేరు, క్లీనింగ్ వేరు. మీరిద్దరూ రెండూ కలిపేసి కొట్టుకుంటున్నారు.

చుక్కలరాత్రి: నాకూ బ్రష్ చేసేటప్పుడు అప్పుడప్పుడు రక్తం వస్తుంది. నొప్పి లేదు కదా అని ఆ సంగతి రాయలేదు. అది కూడా ఇబ్బంది కిందకే వస్తుందా?

వానచినుకు: రాకేం! రేపే వెళ్లి పన్నుకూ చిగురుకూ మధ్య సందు లోతు కొలిపించుకోండి.

ఏకలవ్య72: వెళ్లండి, వద్దనను. ఏం చేయాలన్నా ముందు ఎక్స్‌రే చూపించమనండి. క్లీనింగ్ అయ్యాక పళ్లు కదిలితే ఇక్కడికే వచ్చి రాయండి.