ఎంఎస్‌డబ్ల్యూ ఫీల్డ్ వర్క్: వారానికి రెండు రోజులా, ఏకబిగిన నెలా?

అనంత_అధ్యాపకుడు (ప్రశ్న)

మా దగ్గర ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్ పీజీ) విద్యార్థుల ఫీల్డ్ వర్క్ పాత పద్ధతిలోనే నడుస్తోంది. వారానికి రెండు రోజులు, సుమారు 15 గంటలు, కోర్సు చివర్లో ఒక నెల ఏకబిగిన సంస్థలోనే పనిచేసే బ్లాక్ ప్లేస్‌మెంట్. రెండు రోజుల పద్ధతి ఎత్తేసి సెమిస్టర్‌కు ఒకేసారి నెల పంపుదామని ఇప్పుడు ప్రతిపాదన వచ్చింది. సోమ, మంగళవారాలు సంస్థకు పోయి బుధవారం క్లాసులో కూర్చుంటే, మళ్లీ సోమవారానికి కేసు ఎక్కడుందో పిల్లలకు తెలియడం లేదని ప్రతిపాదించినవాళ్ల వాదన. కర్నూలు, కడప, అనంతపురంలో విద్యార్థుల్ని దగ్గరుండి చూసేవాళ్లు చెప్పండి, ఏది మేలు? ‘రెండూ మంచివే’ అని మాత్రం రాయొద్దు.

తుంగభద్ర_గట్టు

నెలే మేలు సార్. బాలల సంరక్షణ వైపు పనిచేసేవాళ్లకు ఇందులో అనుమానం కూడా లేదు. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం, బాలల సంక్షేమ కమిటీ ముందుకొచ్చిన బిడ్డ గురించి సామాజిక విచారణ 15 రోజుల్లో పూర్తి కావాల. వారానికి రెండు రోజులొచ్చే విద్యార్థికి ఆ 15 రోజుల్లో దొరికేది నాలుగు రోజులు. ఒకరోజు ఫైలు చదవడానికే సరి. రెండోరోజు ఇంటికి పోతే తాళం, అమ్మానాయనా కూలికి పోయింటారు. మూడోరోజు బడి. నాలుగోరోజు ఇరుగుపొరుగును అడిగేలోగా విచారణ రిపోర్టు రాసే ఫారం 22 నింపి కమిటీకి ఇచ్చేసి ఉంటారు. అంటే విద్యార్థి విచారణ చూస్తాడు గానీ, అందులోంచి రిపోర్టు ఎట్ల పుట్టిందో చూడడు.

హింసకు గురైన ఆడవాళ్లకు సాయం చేసే సఖి కేంద్రం సంగతీ అంతే. అక్కడ తాత్కాలిక ఆశ్రయం 5 రోజులు. బుధవారం వచ్చిన మనిషి సోమవారానికి ఉండదు. మన పిల్లకు మిగిలేది రిజిస్టరులో ఒక వరుస.

పాలకొండ_నీడ

మీరు చెప్పినవన్నీ గడియారం పెట్టుకుని నడిచే కేసులు. నడవని కేసులే ఎక్కువ కదండీ. వికలాంగుల పింఛను తీసుకోండి. వైకల్యం ఎంత శాతమో తేల్చే సదరం పరీక్షకు స్లాటు దొరకాలి, ఆ రోజు మనిషిని ఆసుపత్రికి తీసుకుపోవాలి, 40 శాతం తగ్గకుండా సర్టిఫికెట్ రావాలి, ఆ తర్వాత సచివాలయంలో దరఖాస్తు. నెల రోజుల కోసం వచ్చిన విద్యార్థి స్లాటు కోసం తిరిగి తిరిగి, తీరా అది వచ్చేనాటికి వెళ్లిపోతాడు. ముసలామె మాత్రం ‘ఆ పిల్లోడు ఇప్పిస్తానన్యాడే’ అని సచివాలయం చుట్టూ తిరుగుతుంటుంది. మాట ఇచ్చిపోవడం మన రంగంలో పెద్ద తప్పు. నెల పద్ధతిలో ఆ తప్పు జరగడం చాలా తేలిక.

కడప, రాయచోటి వైపు ఇంకో చిక్కుంది. తల్లి కువైట్‌లో, పిల్లలు అవ్వ దగ్గర. ఆ ఇంట్లో ఏ నిర్ణయమైనా ఫోన్లోనే. ఆమెకు తీరిక దొరికితే ఎక్కువగా అక్కడి సెలవు రోజు శుక్రవారమే దొరుకుతుంది. ఫీల్డ్ వర్క్ శుక్ర, శనివారాలకు పెడితే పది వారాల్లో పదిసార్లు ఆ కుటుంబంతో తల్లి సమేతంగా మాట్లాడొచ్చు. నెల పెడితే నాలుగుసార్లు.

గ్రూప్ వర్క్ అయితే నెలలో అసలు కుదరదు. కస్తూర్బా విద్యాలయంలో 10–12 మంది ఆడపిల్లలతో ఎనిమిది సమావేశాలు అనుకోండి. మొదటి రెండింట్లో మనం ఏం వినాలనుకుంటామో అదే చెప్తారు. మూడోదానికో నాలుగోదానికో ఒకరు అలుగుతారు, ఇద్దరు రావడం మానేస్తారు. గ్రూపు అనేది నిజంగా మొదలయ్యేది అక్కడే. ఆ అలక తీరడానికి నడుమ వారం కావాలి. రోజు మార్చి రోజు కూర్చోబెడితే అదొక క్లాసు అవుతుంది.

రెండో_ఏడు_విద్యార్థి

సార్, మా తరఫున ఒక మాట. నెల అంటే సెలవుల్లోనే పెడతారు, అప్పుడు హాస్టల్ మూసేస్తారు. గది అద్దె, తిండి, బస్సు ఖర్చు ఎవరు పెట్టుకోవాల? సంస్థలు స్టైపెండ్ ఇవ్వవు. ఆడపిల్లలను ఇంట్లోవాళ్లు పంపరు కూడా. సొంతూరి పక్కనే ఏదో సంస్థ నుంచి సర్టిఫికెట్ తెచ్చుకోవడం మొదలవుతుంది, రాసిపెట్టుకోండి.

పెన్న_ఒడ్డు

రెండు రోజులా, నెలా అని కొట్లాడుతున్నారు. ఏ నెల అని ఎవరూ అడగలేదు.

ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు పత్తి పని అయిపోతానే కుటుంబాలు మిరప కోతలకు గుంటూరు దిక్కు పోతాయి. వాళ్లు తిరిగొచ్చేదాకా ఆ ఊళ్లలో బ్లాక్ ప్లేస్‌మెంట్ పెడితే కనపడేది తాళాలు, ముసలోళ్లు. ఆ కాలంలో విద్యార్థిని సీజనల్ హాస్టల్‌కు పంపాల. తల్లిదండ్రులు పోయినా బడి మానకుండా ఉండే పిల్లలు దొరికేది అక్కడే. అనంతపురం పల్లెల్లో వాన పడిందంటే శెనక్కాయ విత్తనం పూర్తయ్యేదాకా పగలు మనతో కూర్చునేవాళ్లు ఉండరు. ఎండాకాలం ఉపాధి పనికి తెల్లారగట్లే పోతారు, ఎండ ముదిరేలోగా ఇల్లు చేరి పడుకుంటారు. పది గంటల బస్సుకు దిగే విద్యార్థికి ఊరంతా నిద్రలో కనిపిస్తాది. సాయంత్రం ఐదు తర్వాత కట్ట మీద కూర్చుంటే పని అవుతాది. దానికి ఊర్లోనే రాత్రి ఉండాల. ఆ ఏర్పాటు చేయలేని కాలేజీ నెల గురించి మాట్లాడడమే అనవసరం.

ఉపాధి హామీ దేశంలో మొదలైందే మన నార్పల మండలం బండ్లపల్లిలో, 2006 ఫిబ్రవరి 2న. అయినా జాబ్‌కార్డు చేత్తో పట్టుకోకుండానే డిగ్రీ తీసుకునే పిల్లలుండారు. పని హాజరు రాసే మస్టర్‌లో పేరుంది, కూలి రాలేదు అని ఒకామె అంటే అదొక చక్కని కేస్ వర్క్. ఆధార్ చివరిసారి ఏ బ్యాంకు ఖాతాకు ముడిపడిందో డబ్బు అందులోకే పోతాది. ఆమె మాత్రం పాత పాసుబుక్కే చూపించుకుంటా తిరుగుతాంటాది. మ్యాపింగ్ ఏ బ్యాంకుకుందో కనుక్కోవడం, ఆమెను ఆ బ్రాంచికి తీసుకుపోవడం, అవసరమైతే మార్చడం. రెండు వారాల పని. ఏ పద్ధతిలోనైనా పడుతుంది.

తుంగభద్ర_గట్టు

పాలకొండక్కా, మీ పింఛను కేసు ఒప్పుకుంటా. కానీ రెండు రోజుల విద్యార్థికి సంస్థలో ఏం పని చెప్తారో కూడా చెప్పండి. రేపు ఉండడని తెలుసు గదా, జీరాక్సులు, డేటా ఎంట్రీ, బాలికా దినోత్సవం బ్యానరు పట్టుకోవడం. కేసు చేతికియ్యరు. ఆపై ఆ బ్యానరు ముందు పిల్లలతో దిగిన ఫొటో స్టేటస్‌లో పెడతారు. సంరక్షణ గృహంలోని బిడ్డ గుర్తింపు బయటపెడితే జువెనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 74 కింద ఆరు నెలల దాకా జైలు గానీ, రెండు లక్షల దాకా జరిమానా గానీ, రెండూ గానీ ఉంటాయని వాళ్లకు ఎవరూ చెప్పరు.

పాలకొండ_నీడ

అది రోజుల తప్పు కాదు తమ్ముడూ, ఒప్పందం లేకపోవడం వల్ల. మొదటి రెండు వారాల్లోనే విద్యార్థి, సంస్థ సూపర్‌వైజరు, అధ్యాపకుడు ముగ్గురూ సంతకాలు పెట్టిన కాగితం ఉండాలి. ఎన్ని కేసులు, ఏ గ్రూపు, రాతపని వారానికి ఎన్ని గంటలకు మించదు, అన్నీ అందులో రాయాలి. అది లేకుండా పంపితే నెలంతా జీరాక్సులే తీయిస్తారు.

ఇక రికార్డు. అన్నీ చివరి రాత్రి కూర్చుని రాస్తారు. ‘క్లయింట్‌తో మాట్లాడి సమస్యలు తెలుసుకున్నాను, తగిన సలహా ఇచ్చాను.’ ఇది ఏ ఇంటికైనా అతుకుతుంది, అందుకే పనికిరాదు. ‘కోడలి పేరు రేషన్ కార్డులో నుంచి తీస్తే పింఛను వస్తాదంట, తీయించు’ అని ఆమె అన్న మాట అన్నట్టే ఉండాలి. అప్పుడు తనేం చెప్పాడు, ఎందుకు చెప్పాడు, వచ్చేసారికి ఏం కనుక్కోవాలి, ఇవి రావాలి. ఇంటికి వచ్చిన రోజే రాస్తేనే మాట గుర్తుంటుంది. రెండు రోజుల పద్ధతిలో అధ్యాపకుడు దాన్ని బుధవారం చదివి గురువారం పిలిచి మాట్లాడొచ్చు. నెల పద్ధతిలో ఆయన చదివేసరికి సరిదిద్దుకునే కేసే మిగలదు.

అనంత_అధ్యాపకుడు

చదివాను. శుక్ర, శనివారాల సంగతి, మిరప కోతల సంగతి ప్రతిపాదనలో లేవు, చేరుస్తాను. రెండు రోజులే ఉంచమని రాస్తున్నాను. బాలల సంరక్షణ, సఖి ప్లేస్‌మెంట్లకు మాత్రం 15 రోజులు వరుసగా విడిచిపెట్టాలి, ఆ క్లాసులు తర్వాత తీసుకుంటాం. తుంగభద్ర గారూ, బాలల సంక్షేమ కమిటీ సిట్టింగ్‌లో విద్యార్థిని కూర్చోనివ్వడానికి ముందుగా ఎవరికి లెటరు పెట్టాలి, చైర్‌పర్సన్‌కా, జిల్లా బాలల సంరక్షణ అధికారికా?

తుంగభద్ర_గట్టు

ఇద్దరికీ పెట్టండి సార్. విద్యార్థి పేరు, తేదీలు, గోప్యత పాటిస్తానని సంతకం చేసిన హామీపత్రం జత చేయండి. ఫోను బయట పెట్టి వస్తాడని కూడా అందులో రాయండి, చాలామంది అక్కడే ఆగిపోతారు.