మన జీనోములో 98 శాతం ‘జంక్’ అని క్లాసులో చెప్పొచ్చా?

బైపీసీ మాస్టారు:
ఇంటర్ పిల్లలకు జువాలజీ చెబుతాను. మనిషి జీనోములో, అంటే మన డీఎన్‌ఏ మొత్తం వరసలో, 300 కోట్ల పైచిలుకు అక్షరాలు, వాటిలో ప్రొటీన్లకు కోడ్ ఇచ్చేవి రెండు శాతం కన్నా తక్కువ, మిగతాది ‘జంక్ డీఎన్‌ఏ’, 1972లో జన్యుశాస్త్రవేత్త సుసుము ఓనో వ్యాసంతో స్థిరపడిన మాట అని ఇరవై ఏళ్ళుగా చెప్పుకొస్తున్నాను. మొన్న ఓ అమ్మాయి లేచి, “అది పాత లెక్క సార్, 80 శాతం పనిచేస్తుందని ఎన్‌కోడ్ అనే, మనిషి డీఎన్‌ఏలో ఏ ముక్క ఏం చేస్తుందో వెతికిన ప్రాజెక్టు 2012లోనే చెప్పేసింది” అంది. రేపు చెబుతానమ్మా అని తప్పించుకున్నాను. ఆ రేపు సోమవారం వస్తోంది. ఏం చెప్పమంటారు?

కట్లపాము:
అమ్మాయి మాటే నిజమని చెప్పండి మాస్టారూ. నేను థలసేమియా పరీక్షలు చేసే ల్యాబులో పనిచేస్తాను. మన దేశంలో బీటా థలసేమియాకు, అంటే హిమోగ్లోబిన్ సరిగా తయారుకాని రక్తజబ్బుకు, అన్నిటికంటే ఎక్కువగా కనిపించే మార్పు ఐవీఎస్ 1-5. బీటా గ్లోబిన్ జన్యువు మొదటి ఇంట్రాన్‌లో అయిదో అక్షరం, ‘జీ’ ఉండాల్సిన చోట ‘సీ’ పడుతుంది. ఇంట్రాన్ అంటే ప్రొటీన్ దాకా రాని ముక్క, మధ్యలోనే కత్తిరించి పారేసేది. ఆ పారేసే ముక్కలో ఒక్క అక్షరం మారితే కత్తెర పడాల్సిన చోటే తప్పిపోతుంది. అమ్మ నుంచీ నాన్న నుంచీ అదే వస్తే బిడ్డకు నెలనెలా రక్తం ఎక్కిస్తూనే ఉండాలి. ఆ తల్లి ఎదురుగా కూర్చుని రిపోర్టు అడుగుతుంటే ‘జంక్’ అనడానికి నాకు నోరు రాదు.

ఇంకొకటి. సికిల్ సెల్‌కు 2023లో బ్రిటన్, అమెరికా అనుమతించిన క్రిస్పర్ చికిత్స (డీఎన్‌ఏను కావలసిన చోట కోసే పద్ధతి) ఉంది కదా, అది కోసేది కూడా ప్రొటీన్ కోడ్‌ను కాదు. బీసీఎల్11ఏ జన్యువు ఇంట్రాన్‌లో దాక్కుని, ఆ జన్యువును పనిచేయించే ఒక స్విచ్చును. దాన్ని ఆపేస్తే కడుపులో ఉన్నప్పటి హిమోగ్లోబిన్ మళ్ళీ తయారవుతుంది.

ఉల్లిగడ్డ:
అక్కా, మీరు చెప్పిన దాంట్ల ఒక్క తప్పు లేదు. కానీ అడగని ప్రశ్నకు జవాబిచ్చిండ్రు. నాన్‌కోడింగ్ (ప్రొటీన్‌కు కోడ్ ఇవ్వనిది) వేరు, జంక్ (ఏ పనీ లేనిది) వేరు. కోడ్ బయట స్విచ్చులు ఉంటయని జంక్ అన్నోళ్ళు ఎన్నడూ కాదనలే. మిగిలిందంతా స్విచ్చులేనా అన్నదే లొల్లి.

నా పేరు చూడుండ్రి. ఉల్లిగడ్డ జీనోము సుమారు 1,600 కోట్ల అక్షరాలు, మనకన్నా అయిదింతలు. అక్షరమక్షరానికీ పని ఉంటదంటే, మనిషికన్నా ఉల్లిగడ్డకు అయిదింతల సూచనలు ఎందుకు కావాలె? ఇది జీవశాస్త్రవేత్త ర్యాన్ గ్రెగరీ పెట్టిన పరీక్ష, ఇప్పటిదాకా ఎవరూ సక్కగ పాసు కాలే. ఇటుపక్క ఫుగు చేపను చూడుండ్రి. వెన్నెముక ఉన్నది, మెదడు ఉన్నది, జన్యువులు కూడా ఇంచుమించు మనలెక్కనే. జీనోము మాత్రం 40 కోట్లే, మనదాంట్ల ఎనిమిదో వంతు. మరి మనదాంట్ల ఏమున్నది? ‘ఆలూ’ అని 300 అక్షరాల ముక్క ఒకటి, తనను తాను అచ్చు కొట్టించుకుంట పది లక్షలు దాటింది. జీనోముల పదో వంతు అదే ఆక్రమించింది.

నిత్యసత్యం:
సృష్టిలో వృథా అనేది లేదు. నేటి శాస్త్రవేత్తలకు అర్థం కానిదాన్ని చెత్త అనడం అహంకారం.

గోదారిగట్టు:
చెత్త అన్నది మనం తెలుగులో పెట్టుకున్న మాటండీ, సగం గొడవ దానితోనే. చెత్త వేరు, జంక్ వేరు అని జీవశాస్త్రవేత్త సిడ్నీ బ్రెన్నర్ ఎప్పుడో చెప్పారు. చెత్త ఊడ్చి పారేస్తాం. జంక్ అంటే అటక మీది సామాను. మా అమ్మమ్మగారింట్లో అటక మీద చిల్లుపడ్డ కాగు, కోడు విరిగిన మంచం, ఎవరిదో తెలియని ఉయ్యాల బల్ల ఉండేవి. అన్నం పెట్టవు, అడ్డమూ రావు, అందుకని ఉన్నాయి. ఒకేడు ఆ ఉయ్యాల గొలుసు తీసి బావి చేదకు కట్టారు. జీనోములోనూ అంతే, ఎప్పుడో మన డీఎన్‌ఏలో చేరిపోయిన పాత వైరసు ముక్కల్లో ఏదో ఒకటి అప్పుడప్పుడు స్విచ్చుగా అక్కరకొస్తుంది. ఒక గొలుసు బావి దగ్గరికి దిగిందని అటకంతా కొలువులో ఉందంటే మా అమ్మమ్మ నవ్వేది.

డల్లాస్ బాబాయి:
మా ఆఫీసులో ఇలాంటి పాత కోడ్ బోలెడు. తీసేసి టెస్టు రన్ చేస్తే తెలిసిపోతుంది కదా. ఎవరూ చేయలేదా?

ఉల్లిగడ్డ:
చేసిండ్రు బాబాయ్. 2004ల ఎలుకల జీనోము నుంచి జన్యువులే లేని రెండు ‘ఎడారి’ ప్రాంతాలు, మొత్తం 23 లక్షల అక్షరాలు కోసి పారేసిండ్రు. ఎలుకలు మంచిగ పుట్టినయి, తిన్నయి, పిల్లల్ని కన్నయి.

కట్లపాము:
పంజరంలో వేళకు తిండి పెడితే కుంటి ఎలుక కూడా బతుకుతుంది తమ్ముడూ. మనిషికీ ఎలుకకూ అక్షరం తేడా లేని ముక్కలున్నాయి. 2007లో వాటిలో నాలుగింటిని ఒక్కోటిగా తీసేస్తే ఎలుకలకు ఏమీ కాలేదన్నారు. మరికొన్నిటిని తీసి 2018లో ఇంకాస్త లోతుగా చూస్తే మెదడు నిర్మాణంలో లోపాలు బయటపడ్డాయి. నువ్వు చూసిన చోట కనపడలేదు, అంతే.

ఆరో వేలు అదృష్టమని మనవాళ్ళు మురిసిపోతారే, కొన్ని కుటుంబాల్లో అది ఎలా వస్తుందో తెలుసా? సోనిక్ హెడ్జ్‌హాగ్ అనే జన్యువును చేతులు మొలిచే చోట వెలిగించే స్విచ్చు, ఆ జన్యువుకు 10 లక్షల అక్షరాల అవతల, ఇంకో జన్యువు ఇంట్రాన్‌లో ఉంది. అక్కడ ఒక్క అక్షరం మారితే బొటనవేలి పక్కన మరో వేలు. పాముల్లో ఆ స్విచ్చే పాడైపోయింది. 2016లో ఎలుకలో దాన్ని తీసి పాముది పెడితే కాళ్ళు మొండిగా ఆగిపోయాయి. అంత దూరంలో ఉన్నదాన్ని ముందే అటక మీదికి తోసేసి ఉంటే?

ఉల్లిగడ్డ:
మంచిగున్నది, కానీ అసొంటివి ఎన్ని? ఆ 80 శాతం ఎట్ల వచ్చిందో మాస్టారుకు చెప్పాలె. ఏదో ఒక రకం కణంల ఆ చోటు నుంచి, డీఎన్‌ఏకు నకలైన ఆర్‌ఎన్‌ఏ వచ్చినా, ఏదన్నా ప్రొటీన్ వచ్చి అంటుకున్నా, ‘పని’ కింద రాసిండ్రు. పెళ్ళింట్ల అటూ ఇటూ తిరిగేటోళ్ళందరూ వంటోళ్ళే అన్నట్టు. పరిణామం కాపాడుకుంట వచ్చింది ఎంత అని ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు 2014ల లెక్కేస్తే 8.2 శాతం తేలింది.

ఇంకో లెక్క. ప్రతి బిడ్డా అమ్మానాన్నల్ల లేని కొత్త మార్పులు 60, 70 దాకా పట్టుకొని పుడతది. 80 శాతం అక్షరాలు నిజంగా అవసరమే అయితే అందుల 50 దాకా అవసరమైన చోటే పడాలె. తరతరానికీ అంత దెబ్బ తింటే మన జాతి ఎప్పుడో ఒడిసిపోతుండె. ఈ లెక్క మీదనే పరిణామ శాస్త్రవేత్త డాన్ గ్రౌర్ 2017ల, ఎంత లాగినా 25 శాతం దాటదన్నడు.

అక్కా, మీ పేరుకు కట్లపాము అని ఎందుకు పెట్టుకున్నరు?

కట్లపాము:
శాస్త్రవేత్త లాల్జీ సింగ్ గారి మీద గౌరవంతో. ఆడ కట్లపాము డీఎన్‌ఏలో దొరికిన ‘గాటా గాటా’ అంటూ సాగే పునరావృత వరసతోనే ఆయన హైదరాబాదులోని సీసీఎంబీ పరిశోధన సంస్థలో డీఎన్‌ఏ ఫింగర్‌ప్రింటింగ్‌కు దారి వేశారు. కోడ్ కాని వరసే మరి, కోర్టుల్లో సాక్ష్యం అయింది.

ఉల్లిగడ్డ:
అదే నేనూ అంటున్న. మనిషికో తీరుగ ఆ వరసల పొడుగు ఎందుకు మారతది? మారినా ఒంటికి ఏం కాదు గనక. పట్టించుకునేదుంటే ఎప్పుడో ఏరేస్తుండె. మీ పేరే నా వాదం అక్కా.

కట్లపాము:
సరే, ఆ దెబ్బ ఒప్పుకుంటున్నా. ఇది నువ్వు ఒప్పుకో. 2024లో మనిషి డీఎన్‌ఏ లక్ష అక్షరాల ముక్కను వెనక నుంచి ముందుకు తిరగరాసి ఈస్ట్‌లో పెడితే, అర్థం లేని ఆ వరస నుంచి కూడా ఆర్‌ఎన్‌ఏ దండిగా వచ్చింది. అది నీ వైపే. అదే వరస ఎలుక మూలకణాల్లో నోరు మెదపలేదు. అంటే మన కణాల్లో చప్పుడు వినిపించిన ప్రతిచోటా ఊరికే రొద అనడానికి లేదు.

ఉల్లిగడ్డ:
అది గట్టి పాయింటే. రొద తక్కువున్న ఇంట్ల చప్పుడైతే ఒకసారి లేచి చూడాలె. కానీ చూసినాకనే రాయాలె.

బైపీసీ మాస్టారు:
ఇద్దరికీ నమస్కారం. సోమవారం బోర్డు మీద ఒకటిన్నర (ఆ ప్రొటీన్ కోడ్ శాతం), 8, 80 అని మూడు అంకెలు వేసి, ఏది దేన్ని కొలిచిందో ఆ అమ్మాయినే లేపి అడుగుతాను. ఐవీఎస్ 1-5 తప్పకుండా చెబుతాను, మా కాలేజీలో ఆ రక్తం ఎక్కించుకునే కుర్రాడు ఒకడున్నాడు. ‘98 శాతం జంక్’ అన్న వాక్యం నా నోట్సులో కొట్టేశాను. ఆ చోట ఇంకా ఏమీ రాయలేదు. వెనక బెంచీ వాళ్ళు మాత్రం “నీట్‌లో బిట్ వస్తే ఏది టిక్ పెట్టాలి సార్” అంటారు. ‘ప్రొటీన్లకు కోడ్ చేసేది రెండు శాతం కన్నా తక్కువ’ అన్నదానికి పెట్టమంటాను, దానికి మీ ఇద్దరిలో ఎవరికీ అభ్యంతరం లేదు కదా?