జూమ్ ఉన్న చిన్న ఫిల్మ్ కెమెరా: పూర్తిగా లాగితే ఫొటోలు ఎందుకు షేక్ అవుతున్నాయి?

వెలుగునీడ:
అందరికీ నమస్కారం. ఇంట్లో పాత ఒలింపస్ మ్యూ జూమ్ 140 దొరికింది. కొత్త బ్యాటరీ వేయగానే లెన్స్ బయటికి వచ్చింది, ఫ్లాష్ కూడా పడుతోంది. 200 ఐఎస్ఓ (ఫిల్మ్‌కి వెలుగు పట్టే శక్తిని చెప్పే అంకె, పెద్దదైతే తక్కువ వెలుగు చాలు) కలర్ రీలు వేసి, పూర్తయ్యాక కడిగించి స్కాన్ చేయించాను. జూమ్ చేయకుండా తీసినవి చూసి చాలా సంతోషం వేసింది, రంగులు అంత బాగున్నాయి. జూమ్ మొత్తం లాగి తీసినవి మాత్రం చాలావరకు మసకగా వచ్చాయి. మంచి ఎండలో తీసినవి పర్వాలేదు. చెట్ల నీడలో, సాయంత్రం పూట తీసినవే పాడయ్యాయి. లెన్స్‌లో ఏమైనా లోపమా, ఈ రకం కెమెరాలన్నీ ఇంతేనా? వాడినవాళ్లు చెప్పండి.

చీకటిగది:
లెన్స్ బాగానే ఉన్నట్టుందండీ. లెన్స్ పాడైతే ఎండలో తీసినవి కూడా పాడవ్వాలి కదా.

లెన్స్ చుట్టూ ఏం రాసి ఉందో చూడండి. మీ మోడల్‌ది 38 నుంచి 140 మిల్లీమీటర్ల జూమ్. ఎపర్చర్, అంటే వెలుగు లోపలికి వచ్చే రంధ్రం, 38 దగ్గర ఎఫ్/4, 140 దగ్గరికి వచ్చేసరికి ఎఫ్/11. ఎఫ్ నంబర్ పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది. అంటే మూడు స్టాపులు తగ్గింది, ఒక్కో స్టాపుకి వెలుగు సగమవుతుంది. లోపలికి వచ్చే వెలుగు ఎనిమిదో వంతే. ఆ లోటు పూడ్చడానికి కెమెరా షట్టర్‌ని నెమ్మది చేస్తుంది, అంటే ఎక్కువసేపు తెరిచి ఉంచుతుంది, ఆ సంగతి మనకు చెప్పదు కూడా.

లెక్క వేసి చూద్దాం. 200 ఫిల్మ్‌తో నిండు ఎండలో ఎఫ్/11 దగ్గర షట్టర్ సుమారు 1/400 సెకను ఉంటుంది. చెయ్యి కాస్త కదిలినా ఫొటోలో తెలియదు. అదే ఫిల్మ్‌తో నీడలోకి వస్తే 38 దగ్గర, ఎఫ్/4లో, 1/200 వస్తుంది. అక్కడే నిలబడి 140కి లాగితే 1/25కి పడిపోతుంది. ట్రైపాడ్ లేకుండా తీసేటప్పుడు పాటించే పాత నియమం ప్రకారం షట్టర్ వేగం కనీసం సెకనులో ఫోకల్ లెంగ్త్ (జూమ్ ఉన్న మిల్లీమీటర్ల అంకె) వంతైనా ఉండాలి. 140కి 1/150 దాకా కావాలి, మీకు దొరికింది 1/25. ఎంత మంచి లెన్స్ అయినా షేక్ అవుతుంది.

రీలుబండి:
చీకటిగది గారు చెప్పింది అక్షరాలా నిజం. నేను ఇలాంటి జూమ్ కెమెరాల్లో 400కి తక్కువ ఫిల్మ్ వేయను. కోడాక్ అల్ట్రామ్యాక్స్ 400, బ్లాక్ అండ్ వైట్ అయితే ఇల్‌ఫర్డ్ హెచ్‌పీ5 ప్లస్. ఎండలో 400 మరీ ఎక్కువ అవుతుందేమో అని కొందరు భయపడతారు. అక్కర్లేదు. కలర్ నెగటివ్ (మామూలు కలర్ రీలు) రెండు స్టాపులు ఎక్కువ వెలుగు పడినా తట్టుకుంటుంది, తక్కువ పడితేనే ముద్ద అయిపోతుంది.

ఒక్క జాగ్రత్త చెబుతాను. ఈ కెమెరాల్లో ఐఎస్ఓ మార్చే డయల్ చాలావాటికి ఉండదు. ఫిల్మ్ చుట్టి ఉండే క్యాసెట్ మీది నలుపు, వెండి గళ్లను కెమెరా లోపలి పిన్నులు తాకి ఐఎస్ఓ తెలుసుకుంటాయి. దాన్నే డీఎక్స్ కోడ్ అంటారు, 1983లో కోడాక్ తెచ్చింది. కోడ్ లేని క్యాసెట్లో ఎవరైనా చుట్టి ఇచ్చిన ఫిల్మ్ వేస్తే చాలా కెమెరాలు దాన్ని 100 అనుకుంటాయి. నెగటివ్ తట్టుకుంటుందిలే అని వదిలేయకండి. ఫిల్మ్ తట్టుకుంటుంది, మన చెయ్యి తట్టుకోదు. 400 ఫిల్మ్‌ని 100 అనుకుంటే షట్టర్ నాలుగు రెట్లు నెమ్మదవుతుంది. జూమ్ లాగిన ఫొటో అక్కడే పోతుంది.

పాతపెట్టె:
నా సలహా ఒకటే. 38 దగ్గరే ఉంచండి, కావాలంటే రెండడుగులు ముందుకు వేయండి. మొట్టమొదటి మ్యూ, 1991లో వచ్చింది, అసలు జూమ్ లేకుండా 35 మిల్లీమీటర్ల లెన్స్‌తోనే వచ్చింది. తర్వాత వచ్చిన మ్యూ 2లో ఎఫ్/2.8. జనం ఇప్పటికీ వాటి వెంట పడేది ఊరికే కాదు.

నెగటివ్‌ప్రియ:
పాతపెట్టె గారూ, ఇక్కడ మీతో ఏకీభవించలేను. జూమ్ వాడకపోతే ఈ కెమెరా ఎందుకు చెప్పండి? 1986లో పెంటాక్స్ జూమ్ 70 వచ్చినప్పుడు చిన్న కెమెరాలో 35 నుంచి 70 దాకా అందడమే ఒక పెద్ద మార్పు. అందులో పనికొచ్చే విషయం ఉంది కాబట్టే మిగతా కంపెనీలన్నీ అదే దారి పట్టాయి. తర్వాత పోటీలో పడి 140, 160, 200 దాకా సాగదీశారు. చిక్కంతా అక్కడ వచ్చింది.

నాకు బాగా కుదిరింది మధ్య భాగం, 60 నుంచి 80 దాకా. మనుషుల ముఖాలు తీయడానికి దీన్ని మించింది లేదు. 38 దగ్గర ముఖం ఫ్రేమ్ నిండా రావాలంటే మరీ దగ్గరికి వెళ్లాలి, ముక్కు పెద్దదిగా, చెవులు వెనక్కి పోయినట్టు వస్తాయి. 70 దగ్గర ఒకటిన్నర మీటర్ల దూరంలో నిలబడి తీస్తే ముఖం ఉన్నది ఉన్నట్టు వస్తుంది, ఎదుటి మనిషి కూడా బిగుసుకుపోకుండా ఉంటారు. 400 ఫిల్మ్, ఆరుబయట, మబ్బు పట్టిన రోజు. ఇంతకన్నా మంచి వెలుగు ముఖానికి దొరకదు, షట్టర్ కూడా సరిపోతుంది. వెనకాల అంతా కరిగిపోయినట్టు రావాలని మాత్రం ఆశించకండి, ఈ లెన్సుల ఎపర్చర్ అంత పెద్దది కాదు. గోడో, ఆకాశమో, ఖాళీ నేలో వెనక వచ్చేలా నిలబెడితే చాలు.

వెలుగునీడ:
చాలా థ్యాంక్సండీ, ఇప్పుడు అర్థమవుతోంది. ఫ్లాష్ సంగతి కూడా చెప్పండి. సాయంత్రం ఫ్లాష్ పడినా దూరంగా ఉన్నవాళ్లు నల్లగానే వచ్చారు.

చీకటిగది:
అది కూడా ఎపర్చర్ వల్లే. ఫ్లాష్ అందే దూరం ఎఫ్ నంబర్ పెరిగేకొద్దీ తగ్గుతుంది. 38 దగ్గర 5 మీటర్లు అందే ఫ్లాష్ 140 దగ్గర రెండు మీటర్లు కూడా దాటదు. కొన్ని మోడళ్లలో జూమ్‌తో పాటు ఫ్లాష్ వెలుగు కూడా సన్నబడి కాస్త ముందుకు వెళుతుంది, అయినా లోటు పూర్తిగా తీరదు. 100 బదులు 400 ఫిల్మ్ వేస్తే ఆ దూరం రెట్టింపు అవుతుంది. చీకట్లో మనుషుల్ని తీయాలంటే జూమ్ వెనక్కి లాగేసి దగ్గరికి వెళ్లండి.

ఇంకోటి, ఈ కెమెరాల్లో చాలావాటికి లెన్స్ మూత మూసి తెరిస్తే ఫ్లాష్ మళ్లీ ఆటోకి వచ్చేస్తుంది. మీరు ఆఫ్ చేసి పెట్టుకున్నది దానికి గుర్తుండదు. తెరిచిన ప్రతిసారీ ఫ్లాష్ గుర్తు చూసుకోవడం అలవాటు చేసుకోండి. ఫ్లాష్ ఆఫ్ చేశాక వెలుగు తక్కువగా ఉంటే మాత్రం షట్టర్ బాగా నెమ్మదవుతుంది. అప్పుడు కెమెరాని గోడ మీదో బల్ల మీదో ఆనించి సెల్ఫ్ టైమర్ పెట్టేయండి. బటన్ నొక్కేటప్పుడు వచ్చే కుదుపు కూడా ఉండదు.

పాతపెట్టె:
ప్రియ గారు ముఖాల గురించి చెప్పింది ఒప్పుకుంటాను. కానీ అక్కడ ఫోకస్ చూసుకోవాలి. వ్యూఫైండర్ మధ్యలో ఉన్న గుర్తు ముఖం మీద పెట్టి బటన్ సగం నొక్కండి. పక్కన పచ్చ లైటు నిలకడగా వెలిగితే ఫోకస్ కుదిరినట్టు. మిణుకుమిణుకుమంటే చాలా మోడళ్లలో మరీ దగ్గరగా ఉన్నారని అర్థం. బటన్ వదలకుండా అలాగే పట్టుకుని ఫ్రేమ్ సర్దుకుని, అప్పుడు పూర్తిగా నొక్కాలి. ఇద్దరు పక్కపక్కన నిలబడితే మధ్యలో ఉన్న ఖాళీ గుండా వెనక గోడకి ఫోకస్ వెళ్లిపోతుంది. జూమ్ లాగినప్పుడు ఆ తప్పు ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

బస్సు కిటికీ లోంచి తీసేటప్పుడు మరో తిప్పలు. ఇన్‌ఫ్రారెడ్ కిరణం పంపి దూరం కొలిచే కెమెరాలు అద్దాన్నే వస్తువు అనుకుంటాయి. కొండ గుర్తుతో ల్యాండ్‌స్కేప్ మోడ్ ఉంటే అది పెట్టుకోండి. ఫ్లాష్ ఆఫ్.

నెగటివ్‌ప్రియ:
వ్యూఫైండర్ గురించి కూడా ఒక మాట. అది లెన్స్ గుండా చూసేది కాదు, పక్కనున్న వేరే కిటికీ. దగ్గరి వస్తువులకు పైభాగం తెగిపోతుంది, అందుకే లోపల చిన్న గీతలు ఉంటాయి, వాటి లోపలే ఫ్రేమ్ పెట్టుకోండి. దూరపు వాటికి మాత్రం మనం చూసిన దానికన్నా కాస్త ఎక్కువే ఫిల్మ్ మీద పడుతుంది.

రీలుబండి:
కెమెరా ఆరోగ్యం గురించి ఎవరూ చెప్పలేదు. జూమ్ గొట్టం బయట ఉండగా కెమెరాని జేబులోనో బ్యాగులోనో వేయకండి. ఇసుక ఉన్న చోట అసలే వద్దు, ఒక్క రేణువు ఇరుక్కున్నా లెన్స్ సగంలో ఆగిపోతుంది. అలా ఆగితే చేత్తో తోయకుండా ముందు కొత్త బ్యాటరీ వేసి చూడండి. జూమ్ మోటారు, ఫ్లాష్ రెండూ ఒకే చిన్న లిథియం బ్యాటరీ మీద నడుస్తాయి. అది నీరసిస్తే కెమెరా పాడైనట్టే ప్రవర్తిస్తుంది. కొన్ని నెలలు వాడకపోతే తీసి పక్కన పెట్టండి.

కెమెరాని స్క్రూలు విప్పి తెరవకండి. ఫ్లాష్ కెపాసిటర్‌లో సుమారు 300 వోల్టుల చార్జ్ ఉంటుంది, బ్యాటరీ తీశాక కూడా చాలాసేపు నిలిచే ఉంటుంది. తగిలితే ప్రమాదం. నేర్చినవాళ్లకే ఇవ్వండి.

తేదీ ముద్రించే మోడళ్లలో చాలావాటి క్యాలెండర్ 2019తో ఆగిపోయింది. తప్పు తేదీ పడకుండా ఆఫ్ చేసేయండి. పనోరమా స్విచ్ ఉంటే అది ఫొటోని వెడల్పు చేయదు, ఫ్రేమ్ పైనా కిందా కప్పేస్తుంది, అంతే. దాన్నీ ముట్టుకోకండి.

వెలుగునీడ:
అందరికీ కృతజ్ఞతలు. ఇంత ఓపికగా చెబుతారని అనుకోలేదు. ఇప్పుడు కెమెరాలో సగం వాడిన 200 రీలు ఉంది. దాన్ని పాడు చేయకుండా తీసి, 400 వేసుకుని, తర్వాత మళ్లీ ఇదే రీలు పెట్టుకోవచ్చా?

చీకటిగది:
పెట్టుకోవచ్చు. ముందుగా కౌంటర్‌లో ఎన్నో ఫొటో దగ్గర ఉందో క్యాసెట్ మీద రాయడానికి గుర్తుపెట్టుకోండి. రివైండ్ గుర్తుతో లోపలికి నొక్కుకుపోయిన చిన్న బటన్ ఉంటుంది, మొద్దు మొన ఉన్న పెన్నుతో నొక్కండి. మోటారు శబ్దం పూర్తిగా ఆగేదాకా వెనక మూత తెరవద్దు.

ఫిల్మ్ నాలుక, అంటే దాని మొదటి కొస, కూడా క్యాసెట్ లోపలికి వెళ్లిపోతుంది. దాన్ని బయటికి లాగే పరికరం ఉంటుంది, ఫిల్మ్ కడిగేవాళ్లను అడిగితే తీసి ఇస్తారు. మళ్లీ వేసినప్పుడు ఫ్లాష్ ఆఫ్ చేసి, చీకటి గదిలో లెన్స్ ముందు నల్లగుడ్డ కప్పి, మీరు రాసుకున్న నంబరు దాటి రెండు ఫ్రేములు ఎక్కువే ఖాళీగా నొక్కుకుంటూ వెళ్లండి. ఒక్కో కెమెరాలో మొదటి ఫ్రేమ్ కాస్త అటూ ఇటూగా మొదలవుతుంది, ఆ రెండు ఫ్రేములూ వదిలేస్తే ఒకదాని మీద ఒకటి పడవు.