కమిటీ కార్యదర్శినయ్యాను: లిఫ్టు పైకం, బోరు నీళ్లు, మేడ మీది తాళం (చర్చ)

పానగల్_రోడ్డు, నల్లగొండ

ఉగాది మరునాడు జరిగిన మా అపార్ట్‌మెంటు సమావేశానికి నేను అరగంట ఆలస్యంగా వెళ్లాను. వెళ్లేసరికే నన్ను కార్యదర్శిగా ఎన్నుకోవడం పూర్తయి, అందరూ చాయ్ తాగుతున్నారు. పాత కార్యదర్శి గారు నాకు అప్పగించినవి రెండు వందల పేజీల నోటుబుక్కు ఒకటి, బిల్లులు కుక్కిన బట్టల దుకాణం సంచి ఒకటి, తాళంచెవులు మూడు. అందులో ఒకటి ఏ తాళానికీ పట్టడం లేదు. మాది ఐదు అంతస్తులు, ఇరవై ఇళ్లు, పైన ఒక పెంట్‌హౌస్. 2019లో అనుమతి తీసుకొని కట్టి, 2021 దసరాకు ఇళ్లు అప్పగించారు. ఇంటికి నెలకు 1,500 రూపాయలు వసూలు చేస్తున్నాము.

అనుభవజ్ఞులను నాలుగు సంగతులు అడగదలిచాను. మొదటి అంతస్తులోని నాలుగు ఇళ్లవారు లిఫ్టు వాటా ఇవ్వమంటున్నారు, వారిని ఎట్లా ఒప్పించాలి? బోరు నీళ్లకు సాఫ్టెనర్, అంటే నీటి కాఠిన్యం తగ్గించే యంత్రం, పెట్టిస్తే ఫ్లోరైడు బాధ పోతుందని ఒక ఏజెంటు చెబుతున్నాడు, నమ్మవచ్చునా? సంఘాన్ని ఏ చట్టం కింద రిజిస్టరు చేయించాలి? పెంట్‌హౌస్ వారు మేడ తలుపుకు తాళం వేసుకున్నందున టాంకీ దగ్గరకు పోవాలన్నా వారిని బతిమాలవలసి వస్తున్నది, దీనికి మార్గమేమిటి?

మెట్టుగడ్డ_మొదటి_అంతస్తు, మహబూబ్‌నగర్

నేను ఆ నాలుగు ఇళ్లవారి పక్షానే మాట్లాడుతాను. మా అమ్మకు మోకాళ్ల నొప్పులు ఉన్నందున, లిఫ్టు చెడినా ఇబ్బంది ఉండకూడదని కోరి మొదటి అంతస్తు కొన్నాను. ఆరేళ్లలో మేము లిఫ్టు ఎక్కినది ఎన్నిసార్లో వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పగలను. అయినా పోయిన ఏడు లిఫ్టు తాళ్లు మార్చినప్పుడు పై అంతస్తు వారితో సమానంగా మా ఇంటికి కూడా 6,000 రూపాయలు వేశారు. ఎక్కని బస్సుకు టికెట్టు కొనమంటే ఎవరు కొంటారు?

సూర్యాపేట_ఐదో_అంతస్తు

ఎక్కని బస్సు అని రాసిన సోదరుని వాదనే మా అపార్ట్‌మెంటులో కూడా నడుస్తున్నది, అయితే అది ఒక వైపుకే నడుస్తున్నది. రెండు వానాకాలాలుగా మేడ కారి మా పడకగది గోడ ఉబ్బింది, సున్నం పెచ్చులు మంచం మీద రాలుతున్నవి, నాలుగు బకెట్లు పెట్టుకొని పండుకున్న రాత్రులున్నవి. కమిటీకి చెప్పుకుంటే, అది మీ ఇంటి పైకప్పు కాబట్టి మీరే బాగు చేయించుకోండని కింది అంతస్తుల వారు ఏకంగా తీర్మానం రాశారు. లిఫ్టు పైవారిదట, మేడ కూడా పైవారిదట, సెల్లారు మాత్రం అందరిదట! ఎండాకాలం వడియాలు పెట్టుకోవడానికి మేడకు వచ్చేటప్పుడు మాత్రం మొదటి అంతస్తు వారికి లిఫ్టు అక్కరకు వస్తుంది.

మెట్టుగడ్డ_మొదటి_అంతస్తు, మహబూబ్‌నగర్

మీ మేడ కారడానికి నేను బాధ్యుణ్ణి కాను. వడియాల మాట మీరే ఎత్తారు కాబట్టి చెబుతున్నాను, మా ఇంట్లో వడియాలు బాల్కనీలోనే ఎండుతాయి.

మిర్యాలగూడ_మాజీ_కార్యదర్శి

వడియాలను కాసేపు ఎండనివ్వండి. నేను ఏడేళ్లు కార్యదర్శిగా ఉండి, దిగిపోయే రోజున జమాఖర్చుల్లో ఒక్క రూపాయి తేడా లేకుండా అప్పగించినవాణ్ణి, అందుకని కొంచెం అధికారంగానే మాట్లాడుతాను. మా దగ్గర లిఫ్టు ఖర్చును రెండుగా విడదీశాము. నెలనెలా అయ్యే కరెంటు, సర్వీసు కాంట్రాక్టు ఒక పద్దు. తాళ్లు, మోటరు, కరెంటు పోయినప్పుడు లిఫ్టును దగ్గరి అంతస్తుకు చేర్చే బ్యాటరీ మరొక పద్దు. మొదటి పద్దులో మొదటి అంతస్తు వారికి సగం తగ్గించాము. రెండో పద్దులో మాత్రం అందరికీ సమాన వాటా వేశాము, ఎందుకంటే ఇల్లు అమ్మకానికి పెట్టినప్పుడు 'లిఫ్టు కలదు' అని రాయించని మొదటి అంతస్తు యజమానిని నేనింతవరకు చూడలేదు. కరెంటు బిల్లు నకలును ప్రతి నెలా లిఫ్టు లోపలి అద్దం పక్కనే అతికించేవాణ్ణి. ఐదో అంతస్తుకు చేరేలోపు ఎవరైనా దానిని చదువుకోవలసిందే, చూడడానికి అక్కడ మరొకటి ఉండదు కదా.

ప్రశ్న అడిగిన వారు ఒక విషయం గమనించాలి. రెరా చట్టం, అంటే 2016 నాటి స్థిరాస్తి చట్టం, 14వ సెక్షను ప్రకారం ఇల్లు అప్పగించిన నాటి నుండి ఐదేళ్ల లోపల కట్టడంలో గాని, పనితనంలో గాని, సేవల్లో గాని లోపం బయటపడి బిల్డరు దృష్టికి తెస్తే, అతడు ముప్పై రోజుల్లో సొంత ఖర్చుతో సరిచేయాలి. మీకు 2021 దసరాకు అప్పగించారంటే 2026 దసరాతో ఆ గడువు తీరిపోతుంది. లిఫ్టు పంచాయితీ కంటే ముందు మేడ నుండి సెల్లారు దాకా నడిచి, కారే చోట్లన్నింటికీ ఫొటోలు తీసి, బిల్డరుకు రిజిస్టరు పోస్టులో పంపండి. నోటిమాటగా చెప్పినవి రేపు లెక్కలోకి రావు.

సూర్యాపేట_ఐదో_అంతస్తు

ఈ సంగతి నాకు మూడేళ్ల కింద ఎవరూ చెప్పలేదు. మా గడువు ఎప్పుడో దాటిపోయింది.

విశ్రాంత_నీటి_ఇంజినీరు, నల్లగొండ

అందరూ లిఫ్టు పట్టుకొని వేలాడుతున్నారు గాని, అసలు ప్రమాదం రెండో ప్రశ్నలో ఉన్నది. నేను ఉమ్మడి నల్లగొండ జిల్లాలో ముప్పై ఒక్క సంవత్సరాలు మంచినీటి పథకాల్లో పనిచేశాను. మర్రిగూడ, మునుగోడు, చండూరు ప్రాంతాల్లో నేను నీటి నమూనా తీయని బోరు తక్కువ. సాఫ్టెనర్ ఫ్లోరైడును తీయదు. నీటిలోని కాల్షియం, మెగ్నీషియంలను పట్టుకొని, వాటికి బదులు సోడియంను వదలడమే దాని పని. ఫ్లోరైడు దాని చేతికి చిక్కే సరుకు కాదు. నీళ్లు మరగబెట్టినా ఫ్లోరైడు పోదు సరికదా, ఆవిరైన మేరకు చిక్కబడుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీరు తాగకూడదు, అది రుచిలోనూ రంగులోనూ తెలియదు. ఫ్లోరైడును తీయడానికి పటిక, సున్నం, బ్లీచింగ్ పొడి కలిపి తేర్చే పద్ధతిని నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ వారు రూపొందించారు. ప్రపంచమంతా దానిని మన జిల్లా పేరుతోనే నల్లగొండ పద్ధతి అంటారు. ఇప్పుడు ఇళ్లలో ఆ పని ఆర్వో యంత్రం చేస్తున్నది.

ఇంతకంటే పెద్ద పొరపాటు మన అపార్ట్‌మెంట్లలో రోజూ జరుగుతున్నది. మునిసిపల్ నల్లాలో వచ్చే కృష్ణా నీటిని తెచ్చి, బోరు నీళ్లున్న సంపులోనే కలుపుతున్నారు. మంచి నీళ్లను చెడగొట్టి, మళ్లీ బాగు చేయడానికి యంత్రం కొంటున్నారు. నల్లా నీటికి వేరే చిన్న టాంకీ కట్టి, వంటింటికి మాత్రం వేరే పైపు వేయండి.

చౌటుప్పల్_సంపు

ఇంజినీరు గారు సాఫ్టెనర్‌ను అంత తేలికగా కొట్టివేయడం భావ్యం కాదు. మా కమిటీ 1,85,000 రూపాయలు పెట్టి వేయించింది, ఆ తీర్మానం పెట్టినవాణ్ణి నేనే. కుళాయిల మీద తెల్లపొర పోయింది, సబ్బు నురగ వస్తున్నది, గీజరు కాయిలు ఏడాదిగా కాలలేదు. మా ఇంటి ఆర్వో నీళ్లలో టీడీఎస్, అంటే కరిగిన లవణాల లెక్క, 120 చూపిస్తున్నది. అంత తక్కువ టీడీఎస్ ఉన్నప్పుడు ఫ్లోరైడు ఎక్కడి నుండి వస్తుంది? ఇంకొక మాట అడుగుతాను. ముప్పై ఒక్క సంవత్సరాల అనుభవం ఉన్న వారి హయాంలోనే కదా ఊళ్లకు ఊళ్లు నడుములు వంగిపోయినవి?

విశ్రాంత_నీటి_ఇంజినీరు, నల్లగొండ

నురగ వచ్చిందంటే నీటి కాఠిన్యం పోయిందని మాత్రమే అర్థం. టీడీఎస్ మీటరు నీటిలో కరిగిన లవణాలన్నింటినీ కలిపి అంచనా కడుతుంది, అందులో ఫ్లోరైడు ఎంతో విడదీసి చెప్పదు. మీ వంటింట్లో ఫ్లోరైడు తగ్గితే ఆ ఘనత ఆర్వోది, సాఫ్టెనర్‌ది కాదు. ఆర్వో లేని మీ వాచ్‌మన్ గది కుళాయి నీళ్లు ఒక సీసాలో పట్టి ప్రయోగశాలకు పంపించి, తరువాత నాతో వాదించండి.

చివరి మాటకు కూడా జవాబు చెబుతాను. మా సొంత అన్నయ్య చివరి పదేళ్లు మెడ తిప్పలేక, ఎవరైనా పిలిస్తే మొత్తం మనిషే తిరిగి చూసేవాడు. ఆ నీళ్లతో నాకున్నది ఉద్యోగ సంబంధం ఒక్కటే కాదు.

లెక్కల_పుస్తకం, వనపర్తి

టీడీఎస్ అని చూసి ఆదాయపు పన్ను కోత గురించి చర్చ అనుకొని వచ్చాను, ఇక్కడ నీళ్ల సంగతి నడుస్తున్నది. వచ్చినందుకు మూడో ప్రశ్నకు జవాబు చెప్పి పోతాను, దానిని ఎవరూ ముట్టుకోలేదు. ఇరవై ఇళ్ల సంఘానికి 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం తేలిక. ఏడుగురు సభ్యులు, బైలా అనే నియమావళి ఉంటే చాలు. కొందరు 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద చేయించుకుంటారు గాని, చిన్న సంఘానికి ఆ రాతకోతలు బరువు. తరువాత సంఘం పేరనే పాన్ కార్డు తీసుకొని, ఇద్దరి సంతకాలతో నడిచే బ్యాంకు ఖాతా తెరవండి. డబ్బు కార్యదర్శి సొంత ఫోన్‌పేకు రావడం మొదలైన రోజే అనుమానం కూడా మొదలవుతుంది. ఏటా కార్యవర్గం జాబితా రిజిస్ట్రారుకు ఇవ్వడం మాత్రం మరువకండి. జీఎస్టీ భయం మీకు అక్కరలేదు, ఇంటికి నెలకు 7,500 దాటితేనే, పైగా సంఘం ఏడాది రాబడి 20 లక్షలు దాటితేనే ఆ మాట వస్తుంది. ఫిక్సుడు డిపాజిటు మీద వచ్చే వడ్డీకి మాత్రం ఆదాయపు పన్ను ఉంటుంది, చాలా కమిటీలు అక్కడే దొరికిపోతాయి.

దేవరకొండ_రోడ్డు, నల్లగొండ

మొండి బకాయిల మాట ఎవరూ ఎత్తలేదు. మా దగ్గర పద్నాలుగు నెలలు ఇవ్వని ఒక ఇంటికి నేను వాల్వు కట్టించి నీళ్లు బంద్ చేయించాను. మరునాడు పొద్దున వారి ఇంటి ముసలమ్మ ఖాళీ బిందె పట్టుకొని మా గుమ్మంలో వచ్చి కూర్చున్నది, సాయంత్రానికి ఠాణా నుండి పిలుపు వచ్చింది. వాల్వు నా చేతితోనే విప్పవలసి వచ్చింది. ఆ పైకం ఇంకా రాలేదు.

మిర్యాలగూడ_మాజీ_కార్యదర్శి

నీళ్లు ఆపడం తప్పు, ఆ పని ఎన్నడూ చేయకూడదు. నోటీసు ఇచ్చి, సివిలు కోర్టుకో లోక్ అదాలత్‌కో వెళ్లాలి. మా బైలాలో బకాయి ఉన్నవారికి ఓటు లేదని రాసుకున్నాము, ఎన్నికల ముందు రోజు సగం బాకీలు వాటంతటవే వసూలయ్యేవి.

అద్దె_ఇల్లు, జడ్చర్ల

ఇక్కడ మాట్లాడుతున్న వారంతా యజమానులే ఉన్నట్టున్నారు. మా అపార్ట్‌మెంటులో పన్నెండు ఇళ్లలో అద్దెవారమే ఉంటాము, మెయింటెనెన్స్ మేమే కడతాము, సమావేశానికి మాత్రం మమ్మల్ని పిలవరు. పోయిన సమావేశంలో వాచ్‌మన్ జీతం 9,000 నుండి పెంచకూడదని తీర్మానించారట. ఆయన భార్య రోజూ ఐదంతస్తుల మెట్లు ఊడ్చి, సెల్లారు కడిగి, చెత్త కిందికి మోస్తుంది. ఆమెకు జీతమే లేదు, గది ఇచ్చాము కదా అంటారు. ఆ గదికి కిటికీ లేదు, పక్కనే జనరేటరు. ఇంజినీరు గారు ఆ గది కుళాయి నీళ్లు పరీక్ష చేయించమని రాసినప్పుడు, ఆ గదిని ఒకరైనా తలచుకున్నారని అనిపించింది.

మెట్టుగడ్డ_మొదటి_అంతస్తు, మహబూబ్‌నగర్

అక్కా, ఓటు యజమానికే ఉండాలనడంలో తప్పు లేదు, అద్దెవారు ఏడాదికి మారిపోతారు. జీతం విషయంలో మాత్రం మీరు చెప్పినది న్యాయమే.

చౌటుప్పల్_సంపు

వాచ్‌మన్ గది నీళ్లు పరీక్షకు పంపించాను. ఫ్లోరైడు 2.1 వచ్చింది. ఇంజినీరు గారి అన్నయ్య సంగతి తెలియక ఆ మాట అన్నాను, క్షమించగలరు. సాఫ్టెనర్ వల్ల గీజర్లు బతికినవన్న మాటకు మాత్రం నేను ఇప్పటికీ కట్టుబడి ఉన్నాను. వాచ్‌మన్ ఇంటికి రోజుకు ఒక ఇరవై లీటర్ల క్యాను మంచినీళ్లు కమిటీ ఖర్చుతో ఇవ్వాలని వచ్చే సమావేశంలో తీర్మానం పెడుతున్నాను.

విశ్రాంత_నీటి_ఇంజినీరు, నల్లగొండ

తీర్మానం దాకా ఆగకుండా ఈ రోజు నుండే క్యాను ఇవ్వండి. ఆ గదిలో చిన్న పిల్లలుంటే మరీ అవసరం, పళ్లు తయారయ్యే వయసులోనే ఫ్లోరైడు వాటిని పట్టుకుంటుంది.

పానగల్_రోడ్డు, నల్లగొండ

అందరికీ కృతజ్ఞతలు. ఏజెంటుకు వద్దని చెప్పాను, నల్లా నీటి టాంకీకి మేస్త్రీని పిలిచాను, బిల్డరుకు పదకొండు ఫొటోలతో ఉత్తరం పంపాను. మొదటి అంతస్తు వారు సగం వాటాకు ఒప్పుకున్నారు, ఇప్పుడు రెండో అంతస్తు వారు తమకు కూడా తగ్గించాలంటున్నారు. మేడ తాళం గురించి మాత్రం ఎవరూ చెప్పలేదు.

మిర్యాలగూడ_మాజీ_కార్యదర్శి

రెండో అంతస్తుకు తగ్గిస్తే రేపు మూడో అంతస్తు కూడా వస్తుంది, అక్కడే ఆగండి. ఇక తాళం సంగతి. రెరా చట్టం ఉమ్మడి స్థలాల నిర్వచనంలో మేడను పేరు పెట్టి చెప్పింది, మీది 2019 అనుమతి కాబట్టి అది మీకు వర్తిస్తుంది. పెంట్‌హౌస్ వారి దస్తావేజు నకలు సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో తీసుకొని, అందులో కొన్న విస్తీర్ణం, హద్దులు చూడండి. దానితోపాటు మునిసిపాలిటీ మంజూరు చేసిన నక్షలో అసలు పెంట్‌హౌస్ ఉన్నదో లేదో కూడా చూడండి. ఆ నక్ష మీ చేతిలో ఉన్నదని తెలిస్తే, తాళం గురించి మీరు మాట్లాడవలసిన పని ఉండకపోవచ్చు.

పానగల్_రోడ్డు, నల్లగొండ

సోమవారం పొద్దున నకలు కొరకు పోతున్నాను. ఈలోగా పెంట్‌హౌస్ వారి అబ్బాయి, తండ్రికి తెలియకుండా కాదని చెబుతూనే, తాళంచెవి తెచ్చి నకలు చేయించుకొమ్మన్నాడు. పాత కార్యదర్శి గారు ఇచ్చిన మూడో చెవిని దాని పక్కన పెట్టి చూశాను. రెండూ ఒకటే రకం, పళ్లు మాత్రం వేరు, తాళం మార్చినట్టున్నారు.