తొలి నమూనా విమానం బాల్సాతోనా, ఫోమ్‌తోనా?

విశాఖపట్నం నుంచి ఒక తండ్రి:
మా అబ్బాయి ఎన్.సి.సి. వైమానిక విభాగంలో చేరినప్పటి నుంచి నమూనా విమానాల మీద మనసు పడ్డాడు. బాల్సా అనే తేలికపాటి చెక్కతో ఇంట్లోనే గ్లైడర్, అంటే ఇంజను లేకుండా గాలిలో తేలే విమానం, చేస్తానంటున్నాడు. తెలిసినవారు మాత్రం తయారుగా దొరికే ఫోమ్ విమానం కొనివ్వమంటున్నారు. ఏది మేలో అనుభవమున్నవారు చెప్పగలరు.

మొదటి సభ్యుడు:
ఫోమే మేలండి. వారాల తరబడి కూర్చుని అతికించిన రెక్క తొలి విసురుకే విరిగితే, పిల్లవాడు మళ్లీ ఆ బల్ల దగ్గరికి రాడు. పైగా బాల్సా ఎక్కువగా ఈక్వడార్ నుంచి రావాలి. గాలిమరల రెక్కల తయారీకి కూడా దాన్నే వాడుతుండటంతో 2020 ప్రాంతంలో ధర బాగా పెరిగింది.

రెండవ సభ్యుడు:
ధర సంగతి నిజమే కానీ, చిన్న గ్లైడర్‌కు రెండు మూడు పలకలు చాలు. విరుగుతుందన్న భయం కూడా అక్కరలేదు. బాల్సా చాలాసార్లు నార వెంబడి చీలుతుంది కనుక, తెల్ల జిగురు రాసి ఒక రాత్రి ఆరనిస్తే ముక్కలు గట్టిగా పట్టుకుంటాయి. నేను చూసినంతలో తొలి ప్రయత్నాలు చెడేది చెక్కను తూచకుండా వాడటం వల్లనే. 1.5 మి.మీ. మందం, 100 మి.మీ. వెడల్పు, 900 మి.మీ. పొడవున్న పలక ఒకటి 16 గ్రాములుంటే, చూడటానికి అలాగే ఉన్న ఇంకొకటి 27 గ్రాములు ఉండవచ్చు. ఆ బరువు పలకతో తోక చేస్తే, తోక తూకం నిలిచే చోటికి చాలా దూరంగా ఉంటుంది కాబట్టి, అక్కడ పెరిగిన ప్రతి గ్రాముకూ తూకం సరిపోవడానికి పొట్టిగా ఉండే ముక్కులో అంతకు ఎన్నో రెట్ల బంకమన్ను పెట్టవలసి వస్తుంది. ముక్కెత్తి ఆగి కూలితే బంకమన్ను కలపాలని, నేరుగా నేలకు దిగితే తీయాలని పిల్లవాడు తన చేతులతో తెలుసుకోవడమే ఇందులోని అసలు చదువు. 1871లో పారిస్‌లోని త్విలరీ తోటలో ఫ్రెంచి విమాన ప్రయోగకర్త ఆల్ఫోన్స్ పెనో ఎగరవేసిన, మెలిపెట్టిన రబ్బరుపట్టీ బలంతో నడిచే నమూనా విమానం 11 సెకన్లు నిలకడగా ఎగిరింది. అందులో బాల్సా లేదు, కానీ తోకను సరైన కోణంలో నిలపడమే దాని గెలుపుకు మూలం. ఫోమ్ విమానంలో ఆ కోణాన్ని కర్మాగారమే నిర్ణయించి పంపుతుంది.

మొదటి సభ్యుడు:
తూకం విషయంలో మీ మాట ఒప్పుకుంటాను. అయితే విశాఖ తేమలో, ఒక వైపే జిగురు తడి తగిలిన పలుచని పలక వంకర తిరగదా?

రెండవ సభ్యుడు:
తిరుగుతుంది. అందుకే జిగురు పలుచగా రాసి, చదునైన బల్ల మీద పరచిన ప్లాస్టిక్ కాగితంపై ఉంచి, ఆరేవరకు పుస్తకాల బరువు పెట్టాలి. రెక్క ఒక చివర మెలిపడితే విమానం ఒకే పక్కకు తిరుగుతుంది. అప్పుడు రెక్కను వేడి ఆవిరికి కాస్త చూపి, ఎదురు దిశలో మెల్లగా మెలిపెట్టి, చల్లారేవరకు పట్టుకుంటే చాలావరకు సరవుతుంది. ఆవిరి దగ్గర మాత్రం పెద్దవారు పక్కన ఉండాలి.

ప్రశ్న అడిగిన తండ్రి:
రేపు వంటింటి త్రాసు మీద పలకలు తూచి, తేలికైనది తోకకు వేరుగా తీసిపెడతాము.