ఓకే, హాట్ డాగ్, బిగ్ యాపిల్: ఈ అమెరికా మాటలు ఎక్కడివి?

పదశోధి
అమెరికా వాడుక మాటలు, తిండి పేర్లు, ఊళ్ల ముద్దుపేర్ల మీద వాట్సాప్‌లో తిరిగే కథల్లో చాలావాటికి ఆధారం ఉండదు. ఎవరికి గట్టిగా తెలిసినవి వాళ్లు ఇక్కడ పెట్టండి. నియమం ఒక్కటే: మాట మొదట ఏ ఏడు అచ్చులో కనబడిందో చెప్పాలి. కథ జరిగిందంటున్న ఏడు దాని తర్వాతిదైతే ఆ కథ కొట్టేసినట్టే.

ముందుగా ఓకే. బోస్టన్ మార్నింగ్ పోస్ట్, 23 మార్చి 1839. మాటను కావాలనే తప్పుగా రాసి, ఆ తప్పు అక్షరాలతో పొడిపేరు చేయడం అప్పటి పత్రికలవాళ్ల సరదా. ‘ఆల్ కరెక్ట్’ను ‘ఓల్ కొరెక్ట్’ (oll korrect) చేసి ఓ.కే. అన్నారు. ‘ఆల్ రైట్’ను అలాగే ‘ఓల్ రైట్’ (oll wright) చేసి ఓ.డబ్ల్యూ. అన్నారు, అది నిలవలేదు. ఓకే నిలవడానికి కారణం 1840 ఎన్నికలు. అధ్యక్షుడు మార్టిన్ వాన్ బ్యూరెన్‌ది న్యూయార్క్ రాష్ట్రంలోని కిండర్‌హుక్. ‘ఓల్డ్ కిండర్‌హుక్’ పేరు కలిసొచ్చేలా ఆయన మనుషులు ఓకే క్లబ్బు పెట్టారు. ఆయన ఓడిపోయాడు, మాట మాత్రం ఊళ్లు దాటింది. పాత పత్రికలు తిరగేసి 1960ల్లో దీన్ని తేల్చింది భాషా పరిశోధకుడు అలెన్ వాకర్ రీడ్.

కొలిమిగట్టు
‘టిప్’ కూడా ఇలాంటి పొడిపేరే అంటారు కదండీ, ‘టు ఇన్ష్యూర్ ప్రాంప్ట్‌నెస్’ అని?

పదశోధి
కాదండి. టిప్ ఇంగ్లండ్ దొంగల భాషలోంచి వచ్చిన పాత మాట, ‘చేతికివ్వు’ అని అర్థం. ఇరవయ్యో శతాబ్దానికి ముందు పొడి అక్షరాలు మామూలు మాటగా మారడం చాలా అరుదు. అందుకే అలాంటి వివరణ కనబడగానే అనుమానించాలి. ఓకేను ఎందుకు నమ్ముతున్నామంటే, ఆ 1839 పత్రికే పక్కన అర్థం కూడా అచ్చేసింది.

హడ్సన్‌రేవు
న్యూయార్క్‌కు బిగ్ యాపిల్ అన్న పేరు గుర్రప్పందేల నుంచి వచ్చింది. జాన్ ఫిట్జ్‌జెరాల్డ్ అనే పందేల విలేకరి 1921 నుంచి మార్నింగ్ టెలిగ్రాఫ్‌లో ఈ మాట వాడాడు. న్యూ ఆర్లీన్స్ గుర్రపుశాలల్లో పనిచేసే నల్లజాతి కుర్రాళ్ల నోట విన్నానని 1924లో తానే రాశాడు. వాళ్ల లెక్కలో న్యూయార్క్ పందేలంటే అన్నిటికంటే పెద్ద బహుమతి. 1930ల్లో జాజ్ వాద్యకారులు దీన్ని అందుకున్నారు. ఆ తర్వాత వాడుక తగ్గింది. 1971లో పర్యాటక ప్రచారం కోసం మళ్లీ బయటికి తీశారు. మాటను పుట్టించిన ఆ కుర్రాళ్ల పేర్లు మాత్రం ఎక్కడా లేవు, నాకు అదే బాధ.

ఇక్కడొక చిక్కుంది. 1909 నాటి ఒక పుస్తకంలోనూ ‘బిగ్ యాపిల్’ అనే కనిపిస్తుంది. ఆ వాక్యం మొత్తం చదవండి: రచయిత దేశాన్ని చెట్టుతో పోల్చి, రసమంతా పెద్ద కాయే పీల్చేస్తోందని అంటున్నాడు. అది పోలిక, ఊరి పేరు కాదు. రెండు మాటలు పక్కపక్కన దొరికాయని తేదీని వెనక్కి జరపకూడదు.

సరస్సుగాలి
షికాగోకు విండీ సిటీ (గాలి నగరం) అన్న పేరు 1893 ప్రపంచ ప్రదర్శన ఏ ఊరికి దక్కాలన్న గొడవలో న్యూయార్క్ సంపాదకుడు చార్లెస్ డానా పెట్టాడంటారు. ఆ సంపాదకీయం ఎవరికీ దొరకలేదు. అదీగాక 1876లోనే సిన్సినాటి ఎంక్వైరర్ ఈ పేరును శీర్షికలో వాడింది. ఆ వార్త షికాగోలో వచ్చిన సుడిగాలి గురించి. మనకు గాలి, గాలి మాటలు రెండూ ఉన్నట్టే వాళ్లకూ ‘విండీ’ అన్న మాటలో గొప్పలు చెప్పుకోవడం అనే అర్థం ఉంది. పొరుగూరి పత్రిక ఒక్క దెబ్బకు రెండూ అనేసింది.

వంటింటి నిఘంటువు
తిండి పేర్లు.

హాంబర్గర్‌లో హామ్ (పంది మాంసం) లేదు, అది జర్మనీ హాంబర్గ్ ఊరి పేరు. జనం ‘హామ్ + బర్గర్’ అని విడగొట్టుకోవడం వల్లే చీజ్ బర్గర్, మన వెజ్ బర్గర్ పుట్టాయి. తప్పుగా విడగొడితే కొత్త ప్రత్యయమే దొరికింది!

కోల్‌స్లా డచ్ మాట: ‘కోల్’ క్యాబేజీ, ‘స్లా’ సలాడ్. చల్లగా తింటారు కాబట్టి ‘కోల్డ్ స్లా’ అని దిద్దుకున్నవాళ్లూ ఉన్నారు. లోకనిరుక్తి అంటే ఇదే. కుకీ కూడా డచ్చే, ‘కూక్యె’, చిన్న కేకు.

కొత్తగా వెళ్లినవాళ్లకు: బఫెలో వింగ్స్‌లో గేదె లేదు, ఉన్నది కోడి రెక్కలు. బఫెలో అన్నది న్యూయార్క్ రాష్ట్రంలోని ఊరు. అక్కడి యాంకర్ బార్‌లో 1964లో మొదలైందని ప్రసిద్ధి. వేయించిన రెక్కల్ని కారం సాస్, వెన్న కలిపిన దాంట్లో దొర్లిస్తారు. సీజర్ సలాడ్‌కు రోమ్‌తో సంబంధం లేదు. మెక్సికోలోని తిహువానాలో హోటల్ నడిపిన సీజర్ కార్డిని పేరది, 1924. శాకాహారులు ఒకటి గమనించండి: ఆ డ్రెస్సింగ్‌లో సాధారణంగా ఆంచవీ చేపలు ఉంటాయి, అడిగి తీసుకోండి.

కొలిమిగట్టు
మరి హాట్ డాగ్, అదే బన్నులో పెట్టిన సాసేజ్? దాన్ని డాక్స్‌హుండ్ అనే పొడుగు జాతి కుక్క పేరుతో అమ్మేవారని, ఆ స్పెల్లింగ్ రాక టాడ్ డోర్గన్ అనే కార్టూనిస్టు అలా రాశాడని చదివాను.

వంటింటి నిఘంటువు
న్యూయార్క్ పోలో గ్రౌండ్స్ మైదానంలో బేస్‌బాల్ ఆటప్పుడు, 1901 ప్రాంతంలో అంటారు. ఆ కార్టూన్ దొరకలేదు. యేల్ విశ్వవిద్యాలయ విద్యార్థుల పత్రికలో 1895లోనే ఈ మాట ఉంది, న్యూజెర్సీ ప్యాటర్సన్ పత్రికలో 1892 డిసెంబరులోనే ఉంది. సాసేజ్‌లో కుక్క మాంసం కలుపుతారన్న అనుమానం అప్పట్లో మామూలు. విద్యార్థులు దాన్నే వేళాకోళం చేశారు.

సరస్సుగాలి
ఇవన్నీ మనమే వెతకొచ్చా?

పదశోధి
వెతకొచ్చు, ఉచితమే. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వారి పాత పత్రికల సైటు ‘క్రానిక్లింగ్ అమెరికా’ తెరవండి. వెతుకులాటలో చివరి ఏడును మీ కథ ఏడుకు ఒక ఏడాది ముందు ఆపండి. ఉత్త ‘హాట్ డాగ్’ కొడితే ఎండకు రొప్పే కుక్కలన్నీ వస్తాయి, తోడుగా ‘సాసేజ్’ చేర్చండి. పాత అచ్చును యంత్రం తప్పుగా చదువుతుంది కాబట్టి పేజీ బొమ్మ తెరిచి కళ్లతో చూడాలి, తేదీ పేజీ నెత్తిన చదవాలి. గూగుల్ బుక్స్‌లో ఇంకో మోసం ఉంది: పత్రికల సంపుటాలకు ఒక్కోసారి ఆ పత్రిక మొదలైన ఏడే చూపిస్తుంది. 1870 అని ఉన్న సంపుటి లోపల 1910 సంచిక ఉండొచ్చు.

హడ్సన్‌రేవు
డచ్ జాబితాలో ఇంకొకటి చేర్చండి: బాస్. డచ్ ‘బాస్’ అంటే యజమాని. ‘మాస్టర్’ అంటే బానిస పిలుపులా ఉంటుందని అమెరికా కూలీలు దీన్ని ఎంచుకున్నారు. ఇప్పుడు హైదరాబాద్‌లో ఆటో ఆపడానికీ అదే పిలుపు.